ఏది వింతప్పా అని అడిగి చెడినాను

మా ఊర్లో ఈసారి వాన ఎందుకు పడలేదో మీకు తెల్సునా? టీవీలో ఏమేమో చెప్తారు. గాలి ఎటో మళ్ళిందంట, సముద్రంలో యాడనో వేడి పుట్టిందంట. అదంతా ఒట్టిదండీ. కారణం నేను. సాక్షాత్తూ ఈ ఓబులేసు! నమ్మకుంటే మా ఊరికొచ్చి ఎవర్నన్నా అడగండి. ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడని ఊరు, ఈ ఒక్కదాంట్లో మాత్రం ఆడామగా, ముసలీముతకా అందరూ ఒకే మాట మీద ఉండారు.

నవ్వితే నవ్వండి గానీ టీ చల్లారిపోనీకండి. మొదట్నుంచీ చెప్తాను.

నాది సీట్ల ఆటో. మా ఊరి నుంచి బత్తలపల్లెకు, బత్తలపల్లె నుంచి మా ఊరికి. తొమ్మిదో తరగతి దాకా బాగానే చదివినాను. పదిలో లెక్కలకూ నాకూ పడలేదు, విడిపోయినాం. తెలుగులో మాత్రం నన్ను మించినోడు లేడు. మా తెలుగయ్యవారు ఏ పదమిచ్చి సొంతవాక్యం చెప్పమన్నా లేచి నిలబడేవాణ్ణి. ఒకటడిగితే నాలుగు చెప్పేవాణ్ణి. "చాల్లేరా, కూర్చో" అని ఆయన బతిమాలుకునే దాకా చెప్పేవాణ్ణి. ఆ అలవాటు పోలేదు. నా ఆటోలో పాటలు పెట్టను. అవసరం లేదు, నేనుండాను గదా!

ఇంక మా వదిన సంగతి. వన్నూరమ్మ. మా అన్న నాగప్ప భార్య. మా అన్న పోయి ఏడాది దాటింది. పొద్దున్నే చేనికి పోయినోడు గట్టు మీద కూర్చుండి, నీళ్ళచెంబు పక్కన పెట్టుకొని, అట్లే ఒరిగిపోయినాడు. గుండె అన్నారు. మా అన్నకూ నాకూ ఒకటే తేడా. ఆయన మాట్లాడడు. మా ఇద్దరికీ కలిపి ఇచ్చిన మాటలన్నీ నేనొక్కణ్ణే వాడేసుకున్నట్టుండాది. పోయేటప్పుడు కూడా ఎవర్నీ కేకేసి పిలవలేదు ఆయన.

అప్పట్నుంచి మా వదిన పండగకు రాదు, పెండ్లికి రాదు. చేను, ఇల్లు, అంతే. సేద్యం మాత్రం వదల్లేదు. ఈసారి తొలకరికి, అదే మా ముంగారు వానకు, శనక్కాయ విత్తనం వేసింది. చెట్టు బాగా లేచింది. పూత చూస్తే పసుపు చల్లినట్టుండె. ఆ తర్వాత వానమోడాలు మొగం చాటేసినాయి.

శనక్కాయ సంగతి తెలీనోళ్ళకు ఒక ముక్క చెప్తాను. పూత రాలినాక దాని కింద నుంచి దారం మాదిరి ఒక ఊడ దిగుతాది. అది భూమిలోకి దిగితేనే కాయ. నేల మెత్తగా ఉండాల. గట్టిగా ఉందనుకోండి, ఊడ నేల దాకా వచ్చి, ముట్టుకొని, లోపలికి పోలేక ఆడనే నిలబడిపోతాది. మా వదిన చేన్లో ఊడలన్నీ నేల దాకా వచ్చి నిలబడి ఉండాయి. తలుపు కొడతాండారు, తీసేవాళ్ళు లేరు.

అప్పుడు మా ఊరి పెద్ద కొండప్ప అన్నాడు, "వరదపాశం పోద్దాం" అని.

ఇంటింటికీ తిరిగి బియ్యం, బెల్లం ఎత్తుతారు. ఊరి బయట పెద్ద బండ ఉండాది. దాని పక్కనే పొయ్యి పెట్టి పాశం, అదే బెల్లం పాయసం, వండి, ఆ బండ మీద పోస్తారు. మొగోళ్ళందరూ మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి కట్టుకొని నాలుకతో నాకాల. ఆకు లేదు, గిన్నె లేదు, చెయ్యి తగలకూడదు. అంతగా తలొంచి అడిగితే పైవాడు చూడకపోతాడా అని. ఇంకొక కట్టు ఉండాది. బండ శుభ్రమయ్యేదాకా వంగినోడు నోరు విప్పకూడదు. ఎవరన్నా ఒక్క మాట మాట్లాడినారా, అడిగిందంతా పోయె. ఆ ఏడు మళ్ళా అడిగేదానికి లేదు.

అదిగో, మీరప్పుడే నవ్వుతాండారు!

ముందురోజు సాయంత్రం మా వదిన మా ఇంటికొచ్చింది. అన్న పోయినాక మా గడప తొక్కడం అదే మొదలు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఓబులేసూ, రేపు బండ కాడికి పోతాండావు గదా?"

"నేను లేకుండా ఎట్ల వదినా!"

"మీ అన్న వంగే తావున వంగు."

మా అన్న తావు ఊరందరికీ తెలుసు. బండకు తూర్పు చివర. ఎప్పుడు పాశం పోసినా మొదట మోకాలు వంచేది ఆయన, కడాన లేచేది ఆయన.

"అట్లే వదినా."

"మధ్యలో లేవగూడదు."

"లేవను."

"నోరు..."

"వదినా! నేనేమన్నా చిన్నపిల్లోణ్ణా?"

మా వదిన నన్ను కిందికీ పైకీ ఒక తూరి చూసింది. "చిన్నపిల్లోనివైతే నాకింత భయం లేకపోవు" అని చెప్పి పోయింది.

మా ఇంటామె తలుపు కాడ నిలబడి అంతా వింటాండాది. "ఇప్పట్నుంచే మాట్లాడకుండా ప్రాక్టీస్ చెయ్యి" అనింది. మాట్లాడకుండా ప్రాక్టీస్ ఎట్ల చెయ్యాల అనేదాని గురించి నేను ఆమెకు శానాసేపు చెప్పినాను.

మరుసటి రోజు ఎండ మండిపోతాంది. ఆడోళ్ళందరూ మా వెనక తుమ్మచెట్టు నీడన నిలబడినారు. మా వదిన కూడా వచ్చింది. వన్నూరమ్మ వచ్చింది, వన్నూరమ్మ వచ్చింది అని గుసగుసలు. కొండప్ప దండం పెట్టి గంగాళం ఒంచినాడు. బండేమో ఎండకు కాలి ఉండాది, పాశమేమో పొయ్యి మీద నుంచి దిగింది. రెండింట్లో ఏది ఎక్కువ కాలుతాదో నాలుకే తేల్చుకోవాల.

అన్న తావున మోకాళ్ళు వంచినాను. చేతులు వెనక్కి కట్టుకున్నాను. తలొంచినాను. నా పక్కన హనుమంతు, నాతోపాటు ఆటో తోలేవాడు. ఆ పక్కన కొండప్ప. అట్ల వరుసగా ఊరంతా.

నిజం చెప్తాండా, మొదట బాగా చేసినానండీ. మాట్లాడలేదు. దగ్గలేదు. చీమ ఒకటి ముక్కు మీద పాకినా కదల్లేదు. కండ్లు మూసుకొని నాకుతాంటే ఒకటి తట్టింది. ప్రతి ఏడూ మా అన్న నాలుక తగిలిన బండ గదా ఇది! ఆ బెల్లంలో నాకు ఉప్పు తగిలింది. కొండప్ప పాశంలో ఉప్పు వేసేరకం కాదు. నాదే అది, ముక్కు పక్కన నుంచి కారతాండాది.

అప్పుడొచ్చింది మోటారు సైకిలు.

యూట్యూబోళ్ళు. ఇద్దరు. అనంతపురం నుంచి వచ్చినారంట. ఒకాయన కట్టెకు ఫోన్ తగిలించి పట్టుకున్నాడు. ఇంకొకాయన తెల్లచొక్కా, చేతిలో మైకు. మా వెనక నిలబడి కొంచెంసేపు ఊరికే షూటింగ్ చేసుకున్నారు. తర్వాత తెల్లచొక్కా గొంతు పెంచినాడు.

"చూస్తున్నారు కదా ఫ్రెండ్స్! కరువు సీమలో వింత ఆచారం! వింతగా బండరాళ్ళు నాకుతున్న జనం! వింతల్లోకెల్లా వింత!"

ఒక వాక్యం చెప్తే రెండు వింతలు. ఇంకొకటి చెప్తే ఇంకొక రెండు. నేను సొంతవాక్యాలు చెప్పి పెరిగినోణ్ణి. ఒక పదాన్ని అట్ల ఉప్పు చల్లినట్టు చల్లుతాంటే నాకు లోపల గీరుకుంటాంది. అయినా ఓర్చుకున్నాను. నాలుక బండకేసి గట్టిగా ఆనించి పెట్టుకున్నాను, లేచి రాకుండా.

మైకు వచ్చి నా ముక్కు కింద నిలబడింది.

"పెద్దాయనా! ఈ వింత ఆచారం గురించి రెండు మాటలు చెప్పండి!"

రెండు మాటలు! నన్ను! నా జన్మలో ఎవరూ నన్ను అట్ల అడగలేదండీ. అందరూ ఆపమనే వాళ్ళే. అయినా నేను తల అడ్డంగా ఊపి నాక్కుంటానే ఉన్నాను. ఆయన ఫోను వైపు తిరిగి నవ్వినాడు.

"చూశారా ఫ్రెండ్స్! ఈ వింత మనుషులు కనీసం మాట్లాడరు కూడా!"

వింత మనుషులు! మా అన్న మోకాళ్ళు వంచిన తావున నిలబడి, వింత మనుషులు!

"ఏమప్పా!" అన్నాను.

అది బయటికొచ్చినాక తెలిసింది, నోరు తెరిచినానని. తెలిసినాక మూసుకోవచ్చు గదా? యాడ? లేచి మోకాళ్ళ మీద కూర్చున్నాను. గడ్డం నిండా పాశం.

"ఏది వింతప్పా? వింత అంటే ఏమో తెల్సునా నీకు? రెండు తలకాయల దూడ పుట్టిందనుకో, అది వింత. ఎండాకాలం మా చెరువు అలుగు పారిందనుకో, అది వింత. మొగోడు కూర్చుండి వాకిట్లో ముగ్గేస్తే మా అమ్మ ముక్కు మీద వేలేసుకొని 'విడ్డూరం' అంటాండె. అది వేరే. పక్కోని కొట్టం కాలుతాంటే చేతులు కట్టుకొని చూస్తాండేదాన్ని 'చోద్యం చూసేది' అంటారు. అది నువ్విప్పుడు చేస్తాండేది! ఇంట్లో ఉండేవానికి ఇంట్లోది వింతగా కనిపిస్తాదా? ఆ మాట గడప అవతల నిలబడి తొంగి చూసేవాడే అంటాడు. ఏదీ, నువ్వు సొంతవాక్యం చెప్పు చూద్దాం, 'మా నాయన వింత మనిషి' అని! చెప్పు! నోరొస్తాదా నీకు?"

తెల్లచొక్కాకు పండగైపోయింది. మైకు ఇంకా దగ్గరికి తెచ్చినాడు.

ఇంక నా పక్క వాళ్ళ అవస్థ చూడండి. నన్ను నోరు మూసుకోమని చెప్పాల. చెప్పాలంటే వాళ్ళు నోరు తెరవాల! తెరిచేదానికి లేదు. హనుమంతు బండ మీద నుంచి తల ఎత్తకుండానే కాలితో నన్ను తన్నినాడు. వాడు నన్ను ఉసిగొలుపుతాండాడు అనుకున్నాను. "ఆగప్పా హనుమంతూ, చెప్తాండా గదా!" అన్నాను. అవతల పక్క నుంచి అందరూ "మ్మ్! మ్మ్!" అంటాండారు. ఊరంతా ఔను ఔను అంటాంది అనుకున్నాను. కొండప్ప మీసాల నిండా పాశంతో తలెత్తి, కండ్లు ఎర్రజేసి, ఆకాశానికేసి తల ఎగరేసి చూపించినాడు. వాన పోతాదిరా అని ఆయన బాధ.

"చూడు!" అన్నాను తెల్లచొక్కాతో. "మా పెద్దాయన కూడా పైవాడే సాక్షి అంటాండాడు!"

అట్ల ఎంతసేపు మాట్లాడినానో నాకే తెలీదు. వింత అయిపోయి విచిత్రంలోకి వచ్చినాను. మా జనం దాన్ని ఇచిత్రం అని ఎందుకంటారు అనేదాకా పోయినాను.

"ఓబులేసూ."

వెనక నుంచి. గట్టిగా కూడా కాదు. మా వదిన.

నా గొంతులో మాట అట్లే నిలబడిపోయింది. తిరిగి చూస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నన్ను చూస్తాండాది. కోపం లేదు ఆ మొగంలో. ఏముండాదో నాకు తెలీలేదు. అప్పుడే తిరిగి ఊరి దారి పట్టింది. ఒక్కతే.

కొండప్ప తన ముందుండేదంతా నాకి, లేచి, మీసాలు తుడుచుకొని, దండం పెట్టి, అప్పుడు నోరు తెరిచినాడు. ఆయన అన్నవన్నీ ఈడ చెప్పేదానికి లేదు. చెప్పదగ్గది ఒకటే. "నీ నాలుక ఆ బండకే అతికించి పోవాల్సిందిరా, బండకు తోడుగా ఉండు!"

సాయంత్రం మోడం లేచింది.

నిజంగా లేచిందండీ! ముదిగుబ్బ పక్క నుంచి, నల్లగా, బర్రెల మంద మాదిరి. ఊరంతా మిద్దెలెక్కినారు. గాలొచ్చింది. తడిమట్టి వాసన కూడా వచ్చింది. హనుమంతు నన్ను కావిలించుకున్నాడు. కొండప్ప కూడా నా పక్క చూసి తలూపినాడు. ఆ తర్వాత గాలి మళ్ళింది. మోడం మా ఊరి పొలిమేర కాడ, ఏదో మర్చిపోయి వచ్చినట్టు, వెనక్కి తిరిగింది.

నా ఫోన్ మోగింది. ముదిగుబ్బలో నాకు తెలిసినాయన, గొర్ల వ్యాపారం. పాపం, సంతోషంతో చేసినాడు. "ఓబులేసన్నా! ఈడ దంచుతాండాది అన్నా! మీకెట్లుండాది?"

నేను స్పీకర్ పెట్టినాను. ఎందుకు పెట్టినానో తెలీదు. ఆయన మాట సగం వినపడదు. వెనక రేకుల మీద వాన చప్పుడు. మిద్దె మీద ఉండేవాళ్ళంతా నా చుట్టూ చేరినారు. పిల్లల్ని ఎత్తుకున్న ఆడోళ్ళు, కొండప్ప, అందరూ. ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా. ఫోన్ మధ్యలో పట్టుకొని నిలబడినాను, అందరమూ వాన విన్నాం. చార్జింగ్ అయిపోయేదాకా విన్నాం.

ఆ మరుసటి రోజు నుంచి మొదలైంది నా బతుకు.

వీడియో వచ్చేసింది. పైన పేరు "వింత ఆచారం" అని కాదు. "వింత పెద్దాయన"! ఆ పదం ఆచారాన్ని వదిలేసి, వచ్చి నా నెత్తిన కూర్చుంది. బత్తలపల్లెలో మాబు హోటల్ కాడ ఆటో ఆపితే చాలు, "రా వింతన్నా! టీనా, కాఫీనా?" ఆటో ఎక్కినామె, "అన్నా, కొంచెం మాట్లాడకుండా తోలు, డీజిల్ కూడా ఆవిరైపోతాది" అంటాంది. "ఏది వింతప్పా?" అనే నా మాటను ఎవరో రింగ్‌టోన్ చేసినారు. బస్సులో ఒకాయన జేబులో నుంచి నా గొంతు నన్నే అడుగుతాంది! మా ఇంటామె అయితే, "లోకమంతా నీ మాటలు ఎగబడి వింటాంది, నాకు ఇంట్లోనే దొరికె. ఏం అదృష్టమో!" అంటాంది.

నేనూ నవ్వినాను. నవ్వకుండా ఏం చేస్తాం? అందరితోపాటు నవ్వేస్తే సగం తగ్గుతాది. కానీ మా వదిన ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే మాత్రం ఆటో చుట్టు తిప్పి పోతాంటి.

ఎన్నాళ్ళు తిప్పుతాను? ఒకరోజు తెగించినాను. తెలిసిన ఇంకొకాయన బోర్లో సన్నగా నీళ్ళొస్తాంటే బతిమాలి డ్రమ్ములు నింపుకున్నాను. సీట్లు తీసేసి ఆటోలో డ్రమ్ములెక్కించినాను. మూతలు లేవు. దిన్నె ఎక్కుతానే డ్రమ్ములు వెనక్కి జారినాయి. దిన్నె దిగుతానే ముందుకొచ్చి నా వీపున గుద్దినాయి. దారంతా నీళ్ళు, నా నెత్తిన నీళ్ళు, ఇంజనులో నీళ్ళు. ఆ దినం మా ఊరి పొలిమేరలో తడిసిన మనిషిని నేనొక్కణ్ణే! చేనికి చేరేటప్పటికి డ్రమ్ముల అడుగున ఉండేదే మిగిలింది.

బిందెతో ఒక సాలులో పోస్తాపోయినాను. నేల సుర్రుమని తాగేసింది. తడిసినట్టు కూడా కనపళ్ళేదు.

"ఏం చేస్తాండావు ఓబులేసూ?"

మా వదిన. గట్టు మీద నిలబడి ఉండాది.

"నీళ్ళు పోస్తాండా వదినా."

"చేనంతటికా?"

"ఇది ఒక ట్రిప్పు. ఇంకా తెస్తా గదా."

ఆమె కిందికొచ్చి ఒక చెట్టు పీకింది. నా చేతిలో పెట్టింది. ఊడలన్నీ కొసలు మాడిపోయి, కాలిన దారాల మాదిరి ఉండాయి. ఒక్క కాయ లేదు.

"ఎప్పుడో అయిపోయినాయి లేప్పా. గొర్లోళ్ళకు చెప్పినా. రేపొచ్చి మేపుకుంటారు."

నేను గట్టు మీద కూలబడినాను. మా అన్న కూర్చున్న గట్టే. "వదినా, నా నోటి వల్ల..." అన్నాను.

"ఊరుకో. వానను ఆపేంత నోరా నీది?" మా వదిన మొగంలో సన్నగా నవ్వు. "అంత నోరే ఉంటే, నువ్వు మూసుకోని కూర్చుంటే చాలు, ఈ సీమకు కరువే లేకపోవు."

"మరి ఆ దినం మాట్లాడకుండా పోతివే?"

ఆమె చేను పక్కకు తిరిగింది.

"మీ అన్న ఏమంటాండె తెల్సునా? పాశం నాకి ఇంటికొచ్చి, మొగం కడుక్కుంటా, 'ఇంతింత మీసాలోళ్ళు వరుసగా రాయిని నాకేది, వింత గాకుంటే ఇంకేమే!' అని నవ్వుతాండె. ఒగటే నవ్వు."

"మా అన్ననా?"

"మీ అన్ననే. ఇంట్లో మాట్లాడతాండె ఆయన. మీకు తెలీదు."

ఎవరి తరఫున ఊరంతటితో తిట్లు తిన్నానో, ఆయనే వింత అనేసి నవ్వుకున్నాడంట! గడప లోపలినుంచే!

"మరి ఎందుకు పోతాండె వదినా? నమ్మకం లేకుండా?"

"నేనూ అడిగితి. 'ఊరంతా ఒక తావున వంగేది ఇదొక్కటే, నేను లేకుంటే ఆ తావు బోసిగా ఉంటాది' అనె."

గాలికి ఎండుటాకులు గలగలమన్నాయి. మా వదిన నా పక్కన కాకుండా, కొంచెం అవతల కూర్చుంది.

"ఆ దినం నేను వాన కోసం రాలేదు ఓబులేసూ. ఆ ముందర ఒకరోజు నువ్వు రోడ్డు పక్కన ఆటో టైరు మారుస్తాంటివి. వంగి ఉంటివి. నేను వెనక నుంచి వస్తాండా. ఆ మెడ, ఆ భుజాలు... ఈయన ఈడేం చేస్తాండాడు అనుకుంటి. ఒక్క క్షణమే. నువ్వు జాకీని తిడితివి, నువ్వని తెలిసె." కొంగుతో మొగం తుడుచుకుంది. "వంగి, మొగం కనపడకుండా, మాట్లాడకుండా, ఆ తావున ఉంటే చూడాల అనిపించె. ఒక్క తూరి. అందుకే నీకు చెప్తి. వచ్చి చూసినా. ఉండె ఆయన. చీమ పాకినా కదలడన్నట్టు ఉండె."

"వదినా..."

"నువ్వు 'ఏమప్పా' అంటివి. పోయె."

నేను లేచి ఖాళీ బిందె ఆటోలో పెట్టినాను.

పోయేటప్పుడు ఆమె ఇంకొకటి అడిగింది. "ఆ వీడియో నాకూ చూపించినారు. మొదట్లో కొంచెం వెనక నుంచి తీసినారు గదా, నీ మాట రాకముందు. అదొక్కటి కోసి నా ఫోన్లో పెట్టిస్తావా?"

ఆమె ఫోన్ తీసుకుపోయి బత్తలపల్లెలో సెల్ షాపతనికి చెప్పినాను. అతను నన్ను గుర్తుపట్టి పకపకా నవ్వినాడు. "అందరూ నీ మాటలు కోసి పెట్టమంటాండారు, నువ్వు మాటలు తీసెయ్యమంటావేందన్నా? దీంట్లో ఏముండాది, నీ వెనకభాగం తప్ప?" అన్నాడు. "అదే కావాలప్పా" అన్నాను. వింతగా చూసినాడు.

మరుసటి రోజు ఆ ఫోన్ ఇచ్చేదానికి పోతే గొర్లు చేన్లో పడి మేస్తాండాయి. మా వదిన గట్టు మీద కూర్చుంది. ఫోన్ తీసుకొని, ఎండ పడకుండా కొంగు కప్పి, చూసింది. అయిపోయింది. మళ్ళా పెట్టింది. నేను చప్పుడు చెయ్యకుండా ఆటో దాకా నడిచి పోయినాను.

అదండీ సంగతి. నేను మాట్లాడిన వీడియో ఊర్లకూర్లు చూసి నవ్వుకున్నాయి, ఒక తూరి చూసి మర్చిపోతాయి. ఇంత వయసొచ్చె, నన్ను మళ్ళా మళ్ళా చూడాలని ఒక మనిషి ఫోన్లో పెట్టుకునింది ఆ కొంచెం ముక్కే. దాంట్లో కూడా నేను లేను!